హోల్డర్‌మన్ అడవిలో అసలు కేక

మార్లా వెంగర్‌కి భయాలు ఎక్కువ. ఆ సంగతి ఆమె దాచుకునేది కాదు, దాచుకుందామన్నా దాగేది కాదు. మంచు కురిసిన రోజున కారు బయటికి తీయదు. పక్కింటి పొగగొట్టంలోంచి పొగ కాస్త నల్లగా వస్తే ఫోన్ చేసి కనుక్కుంటుంది. తను పనిచేసే దాణా కొట్టులో కౌంటరు దగ్గర ఏ రైతైనా దగ్గితే, దూడల దాణా మూట సంగతి తర్వాత, ముందు ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచో ఆరా తీస్తుంది. "మా ఆవిడకి రేపు జరగబోయే అనర్థాలన్నీ ఇవాళే జరిగిపోతాయి" అని మొగుడు క్లింట్ నలుగురిలో నవ్విస్తుంటాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వినంత మాత్రాన భయం పోతుందా?

అలాంటి మనిషి ఇంటికి ఆగస్టులో పన్నెండేళ్ళ పిల్ల వచ్చి చేరింది. క్లింట్ మొదటి భార్య కూతురు, టెస్సా. తల్లికి అరిజోనాలో ఉద్యోగం దొరికింది. అక్కడ ఇల్లు కుదిరేదాకా పిల్ల ఒహాయోలో తండ్రి దగ్గరే. టెస్సా అల్లరిది కాదు, పెంకిదీ కాదు. పెట్టింది తినేది, తన పళ్ళెం తను కడిగేది, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ఎవరో చుట్టాలింట్లో బస్సు కోసం కూర్చున్నట్టు ఉండేది. క్లింట్ లారీ తోలుతూ వారానికి నాలుగైదు రోజులు దేశం మీదే ఉంటాడు కాబట్టి, ఆ ఇంట్లో మార్లా, టెస్సా ఇద్దరే ఎదురుబొదురుగా మిగిలేవాళ్ళు. ఆ పిల్లని ఒక మాట అనాలంటే మార్లాకి జంకు. వద్దు అనాల్సిన చోట కూడా సరే అని ఊరుకునేది.

అక్టోబరు ఆఖరి శనివారం హోల్డర్‌మన్ పొలంలో దయ్యాల గడ్డిబండి. ఊళ్ళో మంటలార్పే దళంవాళ్ళు ఏటా హాలోవీన్ దయ్యాల పండక్కి నడిపేది. దళం అంటే జీతాలున్న వాళ్ళు కాదు, ఊరివాళ్ళే. ట్రాక్టరు వెనక గడ్డిమోపుల మీద కూర్చుని చేల మధ్య తిరగడం, తర్వాత దిగి అడవిలో నడక, దారి పొడుగునా మాటు వేసిన దయ్యాలు. తీసుకెళ్తానని క్లింట్ కూతురికి మాటిచ్చాడు. తీరా ఆ మధ్యాహ్నం అతని లారీ నెబ్రాస్కాలో రోడ్డు పక్కన మొరాయించింది.

"నువ్వు తీసుకెళ్ళవే," అన్నాడు ఫోన్లో.

"నేనా! మనింట్లో తలుపు కిర్రుమంటేనే నాకు ముచ్చెమటలు పడతాయి."

"అక్కడున్న వాళ్ళంతా నీ కొట్టుకి వచ్చేవాళ్ళే కదే. మొహానికి ఇంత రంగు పూసుకుని బూ అంటారు. దానికేంటి?"

"అదేగా నా బాధ. రంగు పూసుకుంటే ఎవరు ఎవరో తెలిసి చావదు."

మెట్ల మీద నుంచి టెస్సా గొంతు వినపడింది. "పర్లేదు. మానేద్దాం. నాకేం అంత ఇష్టం లేదు."

మార్లా తలెత్తి చూసింది. పిల్ల అప్పటికే కోటు వేసుకుని ఉంది. బూట్ల లేసులు కూడా కట్టేసుకుంది.

"పద," అంది మార్లా.

వాళ్ళు వెళ్ళేసరికి పొద్దు గుంకింది. కోసేసిన సోయా చేలో కార్లు బారులు తీరి ఉన్నాయి. గేటు దగ్గర డేరా కింద కాగులో మాంసం, చిక్కుడు గింజలు వేసిన చిల్లీ కూర ఉడుకుతోంది, పక్కన వేడి ఆపిల్ రసం, పంచదార అద్దిన డోనట్లు. మంత్రగత్తె టోపీ పెట్టుకుని టికెట్లు చింపుతున్న ఓపల్ వీళ్ళని చూసి పెద్దగా నవ్వింది.

"మార్లా! నువ్వేనా! అబ్బో, ఇవాళ దయ్యాలే జడుసుకు చస్తాయి పో."

"ఊరుకోవే ఓపల్. లోపల మరీ ఘోరంగా ఉంటుందా?"

"ఘోరమా! మా ఆయన వెర్లిన్ శవపెట్టెలోంచి లేచి కూర్చుంటాడు. రోజూ పొద్దున్నే నేను చూస్తున్నదే అది." ఓపల్ టెస్సా వైపు వంగింది. "ఇదిగో బంగారూ, చెప్పడం నా పని కాబట్టి చెప్తున్నా. వాళ్ళు మిమ్మల్ని ముట్టుకోరు, మీరు వాళ్ళని ముట్టుకోవద్దు. దారి తప్పొద్దు. పరిగెత్తొద్దు, కాళ్ళకి చెట్ల వేళ్ళు తగుల్తాయి. లోపల ఫోన్లు పలకవు, పల్లం కదా."

మార్లా చెవిన పడింది ఆ చివరి ముక్కే. ఫోన్లు పలకవు.

బండి కోసం నిలబడ్డ వరసలో టెస్సా క్లాసు పిల్లలు ఇద్దరున్నారు, బ్రిన్, ఆడెల్. టెస్సా చెయ్యి సగం ఎత్తింది. కాసేపటికి అటునుంచీ ఒక చెయ్యి లేచింది. టెస్సా మార్లా పక్కనుంచి ఒక అడుగు అటు జరిగింది. అది చూసి మార్లా కూడా ఏమీ ఎరగనట్టు, అక్కడ పేర్చిన గుమ్మడికాయల వైపు తిరిగి, ఒక అడుగు ఇటు జరిగింది.

ట్రాక్టరు కదిలింది. గడ్డిమోపులు తొడలకి గుచ్చుకుంటున్నాయి. పిల్లలంతా నవ్వులు, తోపులాటలు. ఆకాశం ఇంకా ఒక పక్క ఎర్రగానే ఉంది గానీ, చేల మధ్యకి వచ్చేసరికి ఎండిన మొక్కజొన్న రెండువైపులా గోడలా లేచి, బండిలో ఎవరి మొహం ఎవరికీ కనపడకుండా పోయింది. ఆకులు గలగలమంటే మార్లా అటు చూసింది. ఏమీ రాలేదు. ఇటు గలగలమంటే ఇటు చూసింది. మళ్ళీ ఏమీ రాలేదు. "రాకపోవడమే ఎక్కువ భయం" అనుకుంటూ ఉండగానే మోటారు రంపం గుర్రుమంటూ ఒకడు సరిగ్గా ఆమె వెనకే లేచాడు. దానికి పళ్ళ గొలుసు తీసేసి ఉంటారని, ఉత్త చప్పుడేనని ఊళ్ళో అందరికీ తెలుసు. మార్లాకీ తెలుసు. తెలిసీ బండి దద్దరిల్లేలా కెవ్వుమని, చేతికి దొరికిన మోకాలు పట్టుకుంది. అది టెస్సా మోకాలు.

"అందరూ చూస్తున్నారు," అంది టెస్సా పళ్ళు బిగబట్టి.

బ్రిన్, ఆడెల్ పకపకా నవ్వారు. మార్లా చెయ్యి తీసేసింది. చెవులు వేడెక్కాయి.

అడవి మొదట్లో అందర్నీ దించారు. అక్కణ్ణుంచి నడక. ఒక్కో జట్టునీ కాస్త ఎడం ఇచ్చి పంపుతున్నారు. బ్రిన్ వాళ్ళది ముందు జట్టు. టెస్సా మార్లా దగ్గరకొచ్చి, మొహంలోకి చూడకుండా అడిగింది.

"నేను వాళ్ళతో వెళ్ళనా? అవతల మంట దగ్గర కలుస్తాను."

వద్దు అనాలని ఉంది మార్లాకి. నోటికి మాత్రం ఆ పిల్ల ఎదురుగా ఆ మాట రాలేదు. నెలల తరబడి ఇంట్లో తలుపేసుకుని కూర్చున్న పిల్ల, ఇవాళే ఇద్దరు స్నేహితుల వెనక పడింది. తను వద్దంటే ఆ తలుపు ఇక తెరుచుకుంటుందా?

"సరే," అంది. "జాగ్రత్త. దారి తప్పకు."

టెస్సా అప్పటికే వెళ్ళిపోయింది.

తర్వాతి జట్టులో మార్లా ఒక్కతే ఎవరికీ చెందని మనిషి. ముందు నడుస్తున్న దంపతుల వీపులకి అతుక్కుపోయినట్టు నడిచింది. చెట్ల మీద మసక దీపాలు, కాళ్ళ చుట్టూ పొగ మిషను వదిలే తెల్లటి పొగ. ఒకచోట పెట్టె మూత కిర్రుమని లేచి, సున్నం కొట్టిన మొహంతో వెర్లిన్ కూర్చున్నాడు. గుర్తుపట్టి కూడా ఉలిక్కిపడింది. చెట్ల మధ్య ఒక చిన్న మొక్కజొన్న మడి. దాని పక్కగా వెళ్తుంటే స్పీకరు పెట్టెల్లోంచి రికార్డు చేసిన కేకలు, ఏడుపులు చెవులు చిల్లులు పడేలా మోగాయి. జనం కేరింతలు కొట్టారు. మార్లా రెండు చెవులూ మూసుకుని, కళ్ళు నేల మీద పెట్టి, ఆ మడి దాటేసింది.

అడవి అవతలికి వచ్చి పడేసరికి పెద్ద మంట, చుట్టూ జనం. గండం గడిచిందనుకుంది. బ్రిన్, ఆడెల్ మంట దగ్గరే పుల్లలకి గుచ్చిన తీపి ముద్దలు కాల్చుకుంటున్నారు.

"టెస్సా ఏదమ్మా?"

పిల్లలిద్దరూ మొహాలు చూసుకున్నారు.

"రాలేదా?" అంది ఆడెల్. "మా వెనకే ఉంది."

"వెనక అంటే ఎక్కడిదాకా?"

"ఆ బెదురుబొమ్మ దగ్గర... అది ఢామ్మని పడిపోయింది కదా. మేం పరిగెత్తాం. తను కూడా వస్తోందనే అనుకున్నాం."

"బెదురుబొమ్మా? నాకు ఏ బొమ్మా కనపళ్ళేదే?"

"పడిపోయిందిగా మరి," అంది బ్రిన్, అదేం ప్రశ్న అన్నట్టు.

మార్లా ఫోన్ తీసి నొక్కింది. మోగకుండానే ఆగిపోయింది. బయటికొచ్చే దారి దగ్గర పచ్చ చొక్కా వేసుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన దగ్గరికి పరిగెత్తింది.

"మా పిల్ల లోపలుండిపోయింది. పన్నెండేళ్ళు. నీలం కోటు."

"వచ్చేస్తుందిలెండమ్మా. ప్రతి రాత్రీ ఒకరిద్దరు పిల్లలు దయ్యాలతో కబుర్లేసుకుని వెనకబడతారు. ఇక్కడే నిలబడండి, ఇంకో జట్టు రానివ్వండి."

జట్టు వచ్చింది. అందులో టెస్సా లేదు. ఇంకో జట్టు వచ్చింది. నవ్వుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చారు. నీలం కోటు లేదు. మార్లా ఇక ఆగలేదు. వచ్చేవాళ్ళని తోసుకుంటూ ఎదురు దారిలో అడవిలోకి దూరింది.

"అమ్మా! అటునుంచి వెళ్ళకూడదు! అమ్మా!" అని పచ్చ చొక్కాయన అరుస్తూనే ఉన్నాడు.

ఎదురు నడిస్తే అడవి ఇంకోలా ఉంది. ముందు నుంచి చూసినప్పుడు సమాధి అయినది వెనకనుంచి చూస్తే అట్టముక్క. మొండెం లేని తల అనుకున్నది బోర్లించిన బకెట్ మీద కూర్చుని శాండ్‌విచ్ తింటోంది. అయినా మార్లా గుండె నెమ్మదించలేదు. ఇన్ని ముసుగుల్లో, ఇన్ని కేకల్లో ఒక పిల్ల నిజంగా ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చాక ఆమె అడుగుల వేగం పెంచింది.

"నీలం కోటు పిల్లని చూశారా?" అని ఆ శాండ్‌విచ్ మనిషిని అడిగింది.

అతను నములుతూ ఆలోచించాడు. "చేను మడి దగ్గర ఒక పిల్ల ఏడుస్తోంది చూడండి, ఆ పిల్లేనా? భలే చేస్తోందండీ. ఈ ఏడు కొత్తగా పెట్టారేమో. ఇందాకట్నుంచీ వింటున్నా, నాకే ఒళ్ళు జలదరించింది."

మార్లా పరిగెత్తింది. వేళ్ళు తగిలి ఒకసారి బోర్లా పడింది. లేచి మళ్ళీ పరిగెత్తింది. మడి దగ్గరికి వచ్చేసరికి పెట్టెల్లోని ఏడుపులు మోగుతున్నాయి. వాటి మధ్య, వాటికంటే బొంగురుగా, వాటికంటే తక్కువ గొంతుతో ఒకటి.

"నిజంగానే! ఇది నిజంగానే! ఎవరైనా రండి!"

దారి మీద ఒక జట్టు నిలబడి చప్పట్లు కొడుతోంది. ఒకమ్మాయి ఫోన్ ఎత్తి బొమ్మ తీస్తోంది. ఎవడో "ఇంకా గట్టిగా ఏడు!" అని ఈల వేశాడు. నవ్వుకుంటూ వాళ్ళు ముందుకు సాగిపోయారు. వాళ్ళ వెనక నుంచి మార్లా మొక్కజొన్న కాడలు విరుచుకుంటూ మడిలోకి దూకింది.

పొగలో టెస్సా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆమె ముందు, పాత పశువులశాల దూలం అంత లావు గుంజ ఒకటి మొదట్లో పుచ్చి విరిగి నేల మీద పడి ఉంది. దాని అడ్డకొయ్య కింద, గోనె చొక్కా, గడ్డి కుక్కిన చేతులతో, బెదురుబొమ్మ వేషంలో ఒక ముసలాయన. అడ్డకొయ్య సరిగ్గా ఛాతీ మీద ఉంది. మొహానికి కట్టుకున్న గోనెగుడ్డని టెస్సా లాగి పారేసినట్టుంది, పక్కన పడి ఉంది. ఆ మొహం చూడగానే మార్లా గుర్తుపట్టింది. ఎల్వుడ్ క్రౌస్. రెండు వారాలకోసారి దూడల దాణాకి వచ్చే ఎల్వుడ్ తాత. పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. ఊపిరి తీస్తుంటే లోపల ఎక్కడో గాలి కారిపోతున్నట్టు చప్పుడు.

"ఎక్కడికి పోయావ్ నువ్వు!" అని టెస్సా ఆమె మీద అరిచింది. "ఇంతసేపా! ఎవ్వరూ రారేంటి! నవ్వుతున్నారు, అందరూ నవ్వుతున్నారు! నేను కదిలితే ఈయన కళ్ళు మూసేస్తున్నాడు, నేను వెళ్ళలేను!"

ఆ పిల్ల అరిచేతులు చీరుకుపోయి ఉన్నాయి. ఒక్కతే ఆ దూలాన్ని ఎత్తబోయినట్టుంది.

"ఆ చివర పట్టుకో," అంది మార్లా.

ఇద్దరూ ఎత్తారు. అంగుళం లేచినట్టే లేచి, చేతులు జారి మళ్ళీ కుంగింది. ఎల్వుడ్ మూలిగాడు. ఆ మూలుగు విని మార్లాకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకోసారి ఎత్తితే ఆయన్ని తామే చంపేస్తామేమో.

దారి మీదకి ఇంకో జట్టు వచ్చింది. మార్లా చేతులు పైకెత్తి, జుట్టు విరబోసుకుని, ఒళ్ళంతా మట్టితో, "కాపాడండి! మనిషి చచ్చిపోతున్నాడు!" అని గొంతు చించుకుంది.

జట్టు మొత్తం హోరెత్తిపోయింది.

"తల్లీకూతుళ్ళిద్దర్నీ పెట్టార్రా! అదిరింది!" అన్నాడొకడు.

మార్లా ఇంకా గట్టిగా అరిచింది. ఎంత అరిస్తే అంత నవ్వులు. వాళ్ళు కదిలి వెళ్ళబోతున్నారు. వాళ్ళలో ముందున్న భారీ మనిషి వేట కోటు వేసుకుని ఉన్నాడు. నవ్వినప్పుడు ముక్కులోంచి గుర్రుమంటోంది. ఆ నవ్వు ఎక్కడో విన్నది మార్లా. తన ఇంటి నేలమాళిగలోంచే విన్నది.

ఆమె అరవడం ఆపేసింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు, దాణా కొట్టులో బేరం మాట్లాడే గొంతు వచ్చింది.

"టాడ్," అంది. "టాడ్ వెన్‌రిక్."

ఆ మనిషి ఆగాడు.

"నేను మార్లాని. దాణా కొట్టు మార్లా. నిరుడు చలికాలం మా ఇల్లు వెచ్చబెట్టే కొలిమి ఆగిపోతే బాగుచేసింది నువ్వే. మా కుక్క నీ బూటు పట్టుకుని వదల్లేదు, నువ్వు దానికి నీ మధ్యాహ్నం సాసేజ్ పెట్టావు. ఇదిగో ఇక్కడ పడి ఉన్నది ఎల్వుడ్ క్రౌస్. గుంజ విరిగి ఛాతీ మీద పడింది. ఇది ఆట కాదు టాడ్. నువ్వొచ్చి ఈ చివర పట్టుకోవాలి."

టాడ్ మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. ఒక్క అంగలో దారి పక్కన కట్టిన తాడు దాటాడు. కిందకి చూశాడు.

"ఓరి దేవుడా! ఎల్వుడ్!" అని వెనక్కి తిరిగి రంకె వేశాడు. "ఒరేయ్ నవ్వులాపండి! నిజమేరా! ఇద్దరు ఇటు రండి. నువ్వు పరిగెత్తు, డేరా దగ్గర దళంవాళ్ళున్నారు, సగం మంది చిల్లీ తింటూ ఉంటారు, లాక్కురా!"

టాడ్ జట్టులో అప్పటిదాకా బొమ్మ తీస్తున్న ఒకమ్మాయి ఫోన్ దించేసి, మొహం పాలిపోయి, ఆ ఫోన్ దీపమే ఎల్వుడ్ వైపు పట్టి నిలబడింది. ముగ్గురు మగవాళ్ళు, మార్లా కలిసి మెల్లగా, టాడ్ లెక్క చెప్తుంటే, దూలం ఎత్తి పక్కకి దించారు. టెస్సా మాత్రం లేవలేదు. ముసలాయన చెయ్యి పట్టుకుని, బొంగురుపోయిన గొంతుతో అడుగుతూనే ఉంది.

"తర్వాత? జెర్సీ ఆవు పేరు చెప్పావు. తెల్ల మచ్చలదాని పేరేంటి? చెప్పు తాతా, తెల్ల మచ్చలది?"

"పె... పెట్యూనియా," అన్నాడు ఎల్వుడ్.

"దాని దూడ?"

ఎక్కడో ఎవరో మీట నొక్కారు. పెట్టెల్లో ఏడుపులు ఠక్కున ఆగిపోయాయి. ఆ వెంటనే వచ్చిన నిశ్శబ్దం మార్లాకి ఆ రాత్రి విన్న అన్ని చప్పుళ్ళకంటే భయంకరంగా తోచింది. ఎందుకంటే ఇప్పుడు ఎల్వుడ్ ఊపిరి ఒక్కటే వినపడుతోంది, అది ఎప్పుడు ఆగుతుందోనని.

ముందుగా వచ్చింది వెర్లిన్. మందుల సంచీ భుజాన వేసుకుని, సున్నం మొహంతో, కళ్ళ కింద నల్ల మసితో, శవపెట్టెలోంచి లేచిన వాడు లేచినట్టే పరిగెత్తుకొచ్చాడు. దళంలో వైద్యం నేర్చినవాడు అతనే. మోకాళ్ళ మీద కూలబడి ఎల్వుడ్ ముక్కుకి ప్రాణవాయువు గొట్టం తగిలించాడు. ఎల్వుడ్ కళ్ళు తెరిచి ఆ మొహాన్ని చూశాడు.

"వెర్లిన్," అన్నాడు, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ. "ముందు... ఆ మొహం... కడుక్కురా. పైకి పోయాననుకున్నా."

ఎవరూ నవ్వలేదు. టాడ్ మొహం పక్కకి తిప్పుకుని ముక్కు తుడుచుకున్నాడు.

అడవిలో పెద్ద దీపాలన్నీ వేశారు. చెట్ల మధ్య నుంచి దయ్యాలు, పిశాచాలు, రంపంవాడు, ఒక్కొక్కరే వచ్చి ముసుగులు చేతుల్లో పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. అన్నీ తెలిసిన మొహాలే. బకెట్ మీద శాండ్‌విచ్ తిన్న మనిషి మార్లా కళ్ళలోకి చూడలేక నేల చూపులు చూస్తున్నాడు. అంబులెన్స్ చేలకి అడ్డంపడి, మొక్కజొన్న తొక్కుకుంటూ వచ్చింది. ఎల్వుడ్‌ని ఎక్కించేటప్పుడు టెస్సా వేళ్ళు ఆయన వేళ్ళలోంచి విడదీయాల్సి వచ్చింది. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం.

పికప్పు బండిలో కూర్చున్నాక మార్లా తాళంచెవి తీసింది. అది కన్నంలో పడటం లేదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి, చివరికి ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. ఓపల్ ఇచ్చిన దుప్పటి కప్పుకుని, అరిచేతులకి కట్లతో టెస్సా పక్క సీట్లో ముడుచుకుని ఉంది.

"ఆయన కళ్ళద్దాలు జేబులోంచి ఎగిరి నా కాళ్ళ దగ్గర పడ్డాయి," అంది టెస్సా ఉన్నట్టుండి. "బ్రిన్ వాళ్ళు పరిగెత్తారు. నేనూ పరిగెత్తబోయాను. బెదురుబొమ్మకి కళ్ళద్దాలు ఎందుకుంటాయి అనిపించింది."

మార్లా జారిన దుప్పటిని ఆ పిల్ల భుజం మీదికి లాగింది.

"ఆయన చచ్చిపోతాడా?"

చచ్చిపోడులే అనబోయింది మార్లా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలీదు," అంది. "నాకూ భయంగానే ఉంది."

టెస్సా అద్దంలోంచి చేల వైపు చూస్తూ కూర్చుంది. కార్లు ఒక్కొక్కటే బయటికి పోతున్నాయి, వాటి దీపాలు ఆ పిల్ల మొహం మీంచి జారిపోతున్నాయి.

"నన్నెందుకు వాళ్ళతో పంపించావు?" అని అడిగింది. "నీకు ఇష్టం లేదు. నీ మొహంలో తెలిసిపోయింది."

"వద్దంటే నీకు కోపం వస్తుందని."

"వస్తే రానీ!" టెస్సా గొంతు పగిలింది. "అమ్మ అయితే వద్దనేది. నేను తలుపు ధడాల్న వేసేదాన్ని. అంతే కదా. నువ్వు ఎప్పుడూ సరే, సరే, సరే... నేనంటే నీకు లెక్కలేదేమో అనుకున్నా."

మార్లా నివ్వెరపోయింది. నెలల తరబడి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఒక్కో సరే పోగేసింది, ఈ పిల్ల మనసు నొచ్చకూడదని. అది పిల్ల చెవికి ఇలా చేరిందా?

"లెక్కలేకపోతే," అంది, మాటలు వెతుక్కుంటూ, "ఎదురు దారిలో అంత మందిని తోసుకుంటూ... అది సరే, నా ప్యాంటు చూడు, రెండు మోకాళ్ళూ పోయాయి."

టెస్సా చూసింది. ముక్కు ఎగబీల్చింది. నవ్వబోయి, అది ఏడుపైపోయింది. మార్లా తన వైపు లాక్కుంటే ఒళ్ళు బిగబట్టుకుంది గానీ, దూరం జరగలేదు. ఇంటికి బయల్దేరేసరికి చేలో వాళ్ళ బండి ఒక్కటే మిగిలింది.

ఆ రాత్రి ఇద్దరికీ సరిగ్గా కునుకు లేదు. తెల్లవారేసరికి టెస్సా ముందుగది సోఫాలో దుప్పటి ముసుగేసుకుని ఉంది. మార్లా వంటింట్లో కాఫీ పెట్టింది, తాగలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే చుట్టాలకి తప్ప చెప్పం అన్నారు. ఓపల్‌కి చేస్తే ఎత్తలేదు. ఎత్తకపోవడానికి వందరకాల కారణాలు ఉండొచ్చు. మార్లాకి ఒక్కటే తోచింది. కిటికీ దగ్గర నిలబడి, ఎదురింటివాళ్ళు చర్చికి మంచి బట్టలు వేసుకుని కారెక్కడం చూస్తూ, ఎల్వుడ్ భార్య ఫెర్న్‌తో ఏం మాట్లాడాలో మనసులో కూడబలుక్కుంది. ఒక్క మాటా పొసగలేదు.

ఫోన్ మోగింది. ఓపల్.

"చెప్పు," అంది మార్లా. కుర్చీ వీపు పట్టుకుంది.

"బతికాడే!" ఓపల్ గొంతు ఏడ్చి ఏడ్చి మొద్దుబారి ఉంది. "నాలుగు పక్కటెముకలు విరిగాయిట, ఒకటి ఊపిరితిత్తిలో దిగిందిట. ఇంకా గండం పూర్తిగా గట్టెక్కలేదు, జ్వరం రాకుండా చూడాలంటున్నారు. కానీ తెలివొచ్చింది. తన మంచి చొక్కా కత్తిరించేశారని నర్సుని తిడుతున్నాడట. నీలం కోటు పిల్ల ఎవరి పిల్ల అని ఫెర్న్‌ని అడిగాడట."

మార్లా ఫోన్ పెట్టేసి ముందుగదిలోకి వచ్చింది. టెస్సా ఎట్టకేలకి నిద్రలోకి జారింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కట్టు కట్టిన చెయ్యి సోఫా కిందకి వేలాడుతోంది. లేపాలా, నిద్రపోనివ్వాలా? మార్లా కాసేపు తేల్చుకోలేక నిలబడింది. తర్వాత వంగి, భుజం పట్టుకుని ఊపింది.

"టెస్సా, లే. లే తల్లీ. ఎల్వుడ్ మాట్లాడుతున్నాడట."